సర్కారు వారి సప్లీ

రాజ్యాంగ న్యాయం పేపర్లో ఫెయిలయ్యారా? కంగారు పడకండి. ఫీజు కట్టి మళ్లీ రాయండి. అదీ పోతే ఇంకోసారి రాయండి. బ్యాక్‌లాగ్ వదిలేదాకా డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే నల్లకోటు లేదు. న్యాయమే కదా? ఆర్టికల్ 14కూ 19కీ తేడా తెలియనివాడి చేతిలో జనం గొడవలెలా పెడతాం?

మరి అదే పేపర్లో ప్రభుత్వం ఫెయిలైతే?

ఫీజు లేదు. సప్లీ లేదు. పదవికి ఢోకా అంతకన్నా లేదు. హైకోర్టు కొట్టేసిన జీవోకు బదులు కొత్త నంబరుతో ఇంకో జీవో వస్తుంది. అదీ కొట్టేస్తే సుప్రీంకోర్టుకు వెళ్తారు. అక్కడ వాదించే సీనియర్ లాయరు ఫీజు ఎవరిస్తారు? మీరే. మీ మీదే కేసు, మీదే ఖర్చు, ఓడిపోతే మీదే పరువు. ఇరవై ఏళ్ల పిల్లాడికేమో ఒక్క పేపరు పోతే ఇంట్లో అన్నం సహించదు. ఏడాదికి పది జీవోలు పోగొట్టుకున్న పెద్దమనిషికి పూలదండలు పడతాయి.

సరే, ముందు పిల్లాడి సంగతే చూద్దాం. వాడికి రాజ్యాంగం ఎలా చెబుతున్నారో చూస్తే, పెద్దమనుషులు అంత నిశ్చింతగా ఎందుకున్నారో అర్థమవుతుంది.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలోనూ, ఐదేళ్ల కోర్సులోనూ రాజ్యాంగం తప్పనిసరి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. బాగుంది. ఇప్పుడు మన ఊళ్లలో కొన్ని కాలేజీల అడ్మిషన్ కౌంటర్ దగ్గరకు రండి. మొదటి ప్రశ్న ఏమిటి? "రెగ్యులరా, నాన్ అటెండింగా?" నాన్ అటెండింగ్ అనే మాట ఏ నిబంధనలో ఉంది? ఎక్కడా లేదు. రేటు మాత్రం ఉంది. అంటే కుర్రాడు న్యాయశాస్త్రంలో అడుగుపెట్టే ముందే, చట్టాన్ని పక్కన పెట్టడానికి ఎంతవుతుందో రసీదు లేకుండా నేర్చుకున్నాడన్నమాట. ఆ కాలేజీలో మిగతా పాఠాలు జరిగినా జరక్కపోయినా ఈ పాఠం మాత్రం శ్రద్ధగా జరుగుతుంది.

శామీర్‌పేటలో నల్సార్ ఉంది. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ తీర్పులు చదివిస్తారు, చర్చ పెడతారు. ఇంటర్ దాకా తెలుగులో చదివి, లాసెట్ రాసి, జిల్లా కేంద్రంలో అద్దె మేడ మీది కాలేజీలో చేరిన అమ్మాయికి ఏం పెడతారు? ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పెడతారు. ఇద్దరూ చదివేది ఒకే ఆర్టికల్ 14. చట్టం ముందు అందరూ సమానులే. లైబ్రరీ ముందు కాదు. రేపు ఇద్దరూ నిలబడేది ఒకే హైకోర్టులో. ఆర్టికల్ 348 ప్రకారం అక్కడ భాష ఇంగ్లిష్. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పిస్తే అది పెద్ద వార్త అయింది. తెలుగు నేల మీద తెలుగులో తీర్పు రావడం వార్త! కుక్క మనిషిని కరిస్తే కాదు, మనిషి కుక్కను కరిస్తే వార్త అన్నారు చూడండి, ఆ లెక్క.

కాలేజీ గేటుకు ఎదురుగా జిరాక్స్ షాపు ఉంటుంది. అసలు లా ఫ్యాకల్టీ అదే. స్పైరల్ బైండింగ్ చేసిన నోట్సు గుట్టలుగా పడి ఉంటాయి. పైన ప్లాస్టిక్ అట్ట, లోపల మసక అక్షరాలు. ఎప్పుడో ఎవరో చేత్తో రాసిన దానికి జిరాక్స్, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్స్. కేశవానంద భారతి కేసు పేజీ తీయండి. 13 మంది న్యాయమూర్తులు. 68 రోజుల వాదనలు. 1973 ఏప్రిల్ 24న 7–6 తేడాతో తీర్పు. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించుకోవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపడానికి వీల్లేదని తేల్చిన ఆ తీర్పు అచ్చులో దాదాపు ఏడొందల పేజీలు. నోట్సులో ఎంత? ఏడు లైన్లు. ఆ ఏడింటిలోనూ ఒకటి బైండింగ్ చిల్లుల్లో పోయింది. మౌలిక స్వరూపం అంటే ఏమిటని అడగండి. "సార్, పార్ట్ బి లో ఫస్ట్ క్వశ్చన్" అంటాడు. తప్పు వాడిదా?

మూట్ కోర్టు రికార్డు ఇంకా రుచిగా ఉంటుంది. నిబంధన చూస్తే ముచ్చటేస్తుంది. ఏడాదిలో మూడు మూట్‌లు, ఒక్కోదానికి పది మార్కులు. ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణను కోర్టులో కూర్చుని చూసి రాస్తే ముప్పై. లాయరు తన కక్షిదారుతో ఎలా మాట్లాడుతున్నాడో గమనించి రాస్తే ఇంకో ముప్పై. వైవాకు పది. రాసినవాడెవరోగానీ మంచి గురువు. ఆచరణలో ఏమవుతోంది? రికార్డు కూడా ఎదురు షాపులోనే దొరుకుతోంది. పేరూ హాల్‌టికెట్ నంబరూ మార్చుకుంటే చాలు. ఒకే బ్యాచ్‌లో అరవై మంది ఒకే కోర్టుకు, ఒకే రోజు వెళ్తారు. ఒకే సాక్షిని చూస్తారు. ఆ సాక్షి అరవై రికార్డుల్లోనూ ఒకే చోట తడబడతాడు. దిద్దే మాస్టారు అరవై సార్లు అదే చదివి అరవై సార్లూ టిక్కు పెడతారు. ఈ సాక్షికి పింఛను ఇవ్వాలండీ. ఎన్ని బ్యాచ్‌లను గట్టెక్కించాడో!

ఇలా చదివినవాడు రేపు కలెక్టర్‌ను, ఎస్పీని, మంత్రిని నిలదీస్తాడా? నిలదీయడనే ధీమాతోనే ఇలా చదివిస్తున్నారేమో! రాజ్యాంగం తెలిసిన లాయర్లు ఊరికి నలుగురుంటే ఎవరికి నష్టం? ఒక్కసారి ఆలోచించండి. కాలేజీలను తనిఖీ చేయాల్సినవాళ్లకు బద్ధకమెందుకో, తనిఖీ చేయించాల్సినవాళ్లకు తొందరెందుకు లేదో తెలుస్తుంది.

సిలబస్ మాత్రం మన చుట్టూ నడుస్తూనే ఉంది. తరగతి గదిలో కనపడదు, అంతే. పంచాయతీ ఆఫీసు గోడ మీద కనపడుతుంది.

ఆ గోడ కథ కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వం మారింది. పంచాయతీ భవనాల రంగులూ మారాయి. నీలం, తెలుపు, ఆకుపచ్చ. ఎక్కడో చూసినట్టుంది కదూ? అప్పటి అధికార పార్టీ జెండాలో చూశారు. అంతకుముందు అన్న క్యాంటీన్లకు పసుపు పూసినవాళ్లు ఈ రంగులు చూసి గుండెలు బాదుకున్నారు, అది వేరే ముచ్చట. జనం సొమ్ముతో కట్టిన గోడకు పార్టీ రంగు వేయడం కుదరదని 2020 మార్చిలో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లింది. అక్కడా చుక్కెదురైంది. రంగు తీయాలి మరి. తీశారా?

రంగు తీయలేదు, జీవో తీశారు. 2020 ఏప్రిల్ 23, జీవో 623. ఉన్న మూడు రంగులూ అలాగే ఉంటాయి. అడుగున ఎర్రమట్టి రంగు ఒకటి చేరుతుంది. జెండాలో మూడు రంగులు, గోడ మీద నాలుగు. నాలుగూ మూడూ ఒకటెలా అవుతాయి? కాబట్టి ఇది జెండా కాదు! పచ్చ పైరుకు, నీలం నీటికి, తెలుపు పాలకు, ఎరుపు మట్టికి గుర్తులట. ఆహా! ఐఏఎస్‌లు, న్యాయ సలహాదారులు, సచివాలయం నిండా ఫైళ్లు, కరోనా లాక్‌డౌన్ రోజులు. వలస కూలీలు ఎర్రటి ఎండలో రోడ్డు పట్టి నడుస్తుంటే సర్కారు బుర్రంతా ఎర్రమట్టి గీత మీద ఉంది. మే 22న హైకోర్టు ఆ జీవోను కూడా కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా ససేమిరా అంది, నాలుగు వారాల్లో తుడవమంది. వేసిన రంగు డబ్బు ఎవరిది? తుడిచిన సున్నం డబ్బు ఎవరిది? మధ్యలో వాదించిన వకీళ్ల డబ్బు ఎవరిది? దీన్ని పరిపాలనా న్యాయం పేపర్లో ప్రాబ్లమ్ క్వశ్చన్‌గా ఇచ్చి చూడండి. ఎర్రగీత చేరిస్తే సరిపోతుందని రాసిన కుర్రాడికి సున్నా వస్తుంది. అదే జవాబు రాసిన సచివాలయానికి జీతం వచ్చింది.

అదే ఏడాది ఇంకో ప్రాబ్లమ్ క్వశ్చన్ కూడా ఉచితంగా దొరికింది. రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను తొలగించాలంటే హైకోర్టు జడ్జిని తొలగించే పద్ధతే పాటించాలి. నియామకం తర్వాత ఆయనకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చకూడదు. ఆర్టికల్ 243కె. చదివితే అర నిమిషం పడుతుంది. ఆంధ్రలో అప్పటి కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా పేరు చెప్పి 2020 మార్చిలో స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. సర్కారుకు కోపం వచ్చింది. ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ వచ్చింది. ఐదేళ్ల పదవీకాలం మూడేళ్లయింది. లెక్క ప్రకారం ఆయన పదవి అప్పటికే అయిపోయినట్టే! మర్నాటికి కొత్త కమిషనర్ కుర్చీలో ఉన్నారు. కమిషనర్‌ను మేం తీయలేదు, కాలం తీసేసింది అన్నట్టు. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఆర్డినెన్స్ ముసాయిదా రాసినవాళ్లలో ఎవరైనా 243కె చదవలేదా? తప్పకుండా చదివుంటారు. చదివే రాశారు. అదీ కోపం తెప్పించేది.

ఆర్డినెన్స్ అంటే గుర్తొచ్చింది. సభ లేనప్పుడు అత్యవసరానికి వాడుకోమని ఇచ్చిన అధికారాన్ని బిహార్ సర్కారు ఏం చేసిందో పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డి.సి. వాధ్వా బయటపెట్టాడు. 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు. గడువు తీరగానే మళ్లీ జారీ, మళ్లీ జారీ. కొన్నింటిని ఏళ్ల తరబడి అలాగే ఊపిరిపోసి నిలబెట్టారు. ఆయన లా ప్రొఫెసర్ కాదండీ. ఆర్థికశాస్త్రం మనిషి. భూమి సంగతులు వెతుకుతూ గెజిట్ పేజీలు తిరగేశాడు, దొంగ దొరికాడు. 1986లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగాన్ని మోసగించడమే అని తేల్చి, ఆయనకు పది వేల రూపాయలు ఖర్చుల కింద ఇప్పించింది. మన లా కాలేజీల్లో గెజిట్ అంటే ఏ రంగు కాగితమో చూసిన విద్యార్థి ఎంతమంది? చూపించిన మాస్టారు ఎంతమంది? వాధ్వా కేసు మాత్రం నోట్సులో ఉంది. మూడు లైన్లు. 256 అనే అంకె సరిగా వేస్తే అర మార్కు.

ఇప్పుడు ఆర్టికల్ 19. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. ఈ హక్కు ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పవిత్రం. అధికారంలోకి రాగానే ట్రాఫిక్ సమస్య.

ఉద్యమంతోనే గద్దెనెక్కిన పార్టీ 2017లో హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్‌ను మూసేసింది. ధర్నాలు కావాలంటే ఊరవతల చేసుకోండన్నారు. పొలిమేర అవతల ఎవరికి వినపడుతుంది? గొర్రెలకు. జనం కొట్లాడారు, హైకోర్టుకెళ్లారు, 2018లో చౌక్ మళ్లీ తెరుచుకుంది. 2021 నవంబర్ 18న ఏమైంది? వడ్ల కొనుగోలు మీద కేంద్రాన్ని నిలదీయడానికి సాక్షాత్తూ ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి ధర్నాకు కూర్చున్నారు. ఎక్కడ? ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో! ఊరవతల స్థలం ఖాళీగానే ఉంది కదా సార్, అక్కడికి వెళ్లలేదేం?

ఆంధ్రలో ఇదే పాఠం వేరే అక్షరాలతో. కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. దారుణమే. దానికి మందుగా 2023 జనవరి 2న జీవో నంబర్ 1 వచ్చింది. రోడ్ల మీద సభలు, ర్యాలీలు కుదరవు. ఆధారం? 1861 నాటి పోలీసు చట్టం. సిపాయిల తిరుగుబాటు చూసి హడలిన తెల్లదొరలు రాసుకున్న చట్టం! సొంత జనానికి భయపడాల్సి వస్తే ఇప్పటికీ మనవాళ్లు అదే బీరువా తెరుస్తారు. మే 12న హైకోర్టు దాన్నీ కొట్టేసింది. ఇది అన్యాయమని అప్పట్లో గొంతు చించుకున్నవాళ్లే ఇప్పుడు అధికారంలో ఉన్నారు. బంద్ అంటే తెల్లవారుజామున ప్రతిపక్ష నాయకుడి గుమ్మం ముందు పోలీసు జీపు ఆగడం ఆగిందా? "హౌస్ అరెస్ట్ చేశాం సార్, బయటికి రావద్దు." ఏ సెక్షన్ కింద? ఇన్‌స్పెక్టర్ గారు ఫోన్ వైపు చూస్తారు. ఆ సెక్షన్ చట్టంలో లేదు, ఫోన్లో ఉంది. పార్టీలు మారాయి, జీపు మారలేదు. నిన్న గుమ్మం లోపలున్నవాడు నేడు ఫోన్ అవతల ఉన్నాడు.

విశ్వవిద్యాలయాలైనా మినహాయింపా? తెలంగాణ ఉద్యమానికి ఊపిరిపోసిన ఉస్మానియా. 2025 మార్చిలో అక్కడి అధికారులు క్యాంపస్‌లో ధర్నాలు, నినాదాలు నిషేధిస్తూ సర్క్యులర్ ఇచ్చారు. ఇదే క్యాంపస్‌లో లా కాలేజీ ఉంది. లోపల ఆర్టికల్ 19 మీద పాఠం, బయట నోటీసు బోర్డు మీద దాని తద్దినం. రెండు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. పద్దెనిమిదేళ్లు నిండితే దేశ ప్రధానిని ఎన్నుకునే సభ్యుడికి ఓటేయొచ్చు. క్లాసు రిప్రజెంటేటివ్‌కు వేయలేరు. శాంతిభద్రతలు దెబ్బతింటాయి!

పదో షెడ్యూల్ దగ్గరకొస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. తెలుగువాళ్లకు ఫిరాయింపుల పాఠం ఎవరూ తరగతిలో చెప్పనక్కర్లేదు. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను దించి నాదెండ్లను కూర్చోబెడితే జనం రోడ్డెక్కారు. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి బెంగళూరు తీసుకెళ్లి దాచుకున్నారు. నెల రోజులకు ఎన్టీఆర్ తిరిగొచ్చారు. మరుసటి ఏడాదే 52వ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం. అప్పుడు ఎమ్మెల్యేల కోసం అంత యాతన పడిన పార్టీ 2014 తర్వాత ఏం చేసింది? ఎదుటి పార్టీ ఎమ్మెల్యేలు 23 మందికి కండువాలు కప్పింది. 2017లో అందులో నలుగురికి మంత్రి పదవులిచ్చింది. ఒక పార్టీ గుర్తు మీద గెలిచి, రాజీనామా చేయకుండా, ఇంకో పార్టీ ప్రభుత్వంలో మంత్రి! అనర్హత పిటిషన్లు స్పీకర్ దగ్గర పదవీకాలం పూర్తిగా నిద్రపోయాయి. "అభివృద్ధి చూసి వచ్చారు" అన్నారు. నిజమే. ఎవరి అభివృద్ధో చెప్పలేదు.

తెలంగాణలో లెక్కలు ఇంకా పక్కా. మూడింట రెండొంతుల మంది వెళ్తే అది విలీనం, ఫిరాయింపు కాదని చట్టంలో ఒక సందు ఉంది. 2018లో కాంగ్రెస్‌కు 19 మంది గెలిచారు. ఉత్తమ్ కుమార్ రెడ్డి ఎంపీ అయి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. మిగిలింది 18. మూడింట రెండొంతులు ఎంత? 12. అధికార పార్టీలోకి ఎంతమంది వెళ్లారు? సరిగ్గా 12. ఇంటర్ ఎంపీసీ పిల్లలకు కూడా ఇంత కచ్చితంగా జవాబు రాదు. 2019 జూన్‌లో స్పీకర్ పోచారం శ్రీనివాసరెడ్డి విలీనాన్ని ఆమోదించారు. ఐదేళ్లు తిరిగాయి. ప్రభుత్వం మారింది. 2024లో బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు నడిచిన పదిమంది ఎమ్మెల్యేల మీద అనర్హత పిటిషన్లు పడ్డాయి. ఆ పదిమందిలో ఒకరి పేరు చెప్పుకోండి చూద్దాం? పోచారం శ్రీనివాసరెడ్డి! రిఫరీ ఈల జేబులో పెట్టుకుని అవతలి జట్టు చొక్కా తొడుక్కున్నారు.

ఆ పదిమందిలోనే దానం నాగేందర్ ఉన్నారు. ఖైరతాబాద్ బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ టికెట్ మీద పోటీ చేశారు. బీ ఫారం ఇచ్చిందెవరో ఎన్నికల సంఘానికి తెలుసు. ఈవీఎం మీద గుర్తేమిటో ఓటరుకు తెలుసు. ఆయన పార్టీ మారారా లేదా అని తేల్చడానికి స్పీకర్‌కు మాత్రం విచారణ కావాల్సి వచ్చింది. చివరికి 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చండని గడువు పెట్టింది. గడువు దాటాక ధిక్కార పిటిషన్లు. 70 శాతం హాజరు లేదని కుర్రాడిని పరీక్ష రాయనివ్వరు. జవాబు పత్రం ఏళ్ల తరబడి దిద్దని స్పీకర్‌ను ఏమంటారు? గౌరవనీయులంటారు.

ఆదేశిక సూత్రాల్లో ఆర్టికల్ 47 కూడా ఉందని ఎవరికైనా గుర్తుందా? జనం పోషకాహారం, ఆరోగ్యం మెరుగుపరచాలి, మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించాలి. దూబగుంట ఆడవాళ్లకు ఆ నంబరు తెలియదు. 1992లో చీపుర్లు పట్టుకుని సారా పాకల మీదకు వెళ్లి ఆ ఆర్టికల్‌ను అమలు చేసి చూపించారు. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఎగిరిపోయింది. ఆ తర్వాత? 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కోదానికి రెండు లక్షలు, లాటరీ తగలనివాళ్లకు తిరిగి రాలేదు. చుక్క మందు అమ్మకుండానే దరఖాస్తుల మీదే 2,600 కోట్లకు పైగా! ఆంధ్రలో దశలవారీ నిషేధం అని ఓట్లడిగినవారు తామే దుకాణం తెరిచి కౌంటర్లో కూర్చున్నారు. తర్వాత వచ్చినవారు 2024లో 3,396 దుకాణాలు ప్రైవేటుకు వదిలి, దాదాపు తొంభై వేల దరఖాస్తుల మీద 1,800 కోట్లు వెనకేశారు. ఇన్ని వేల కోట్ల "ప్రయత్నం" చేస్తున్న ప్రభుత్వాలను చూసి ఆర్టికల్ 47 సిగ్గుతో తల దించుకుంది. ఆదేశిక సూత్రాలను కోర్టులో అమలు చేయించలేం కదా, ఆర్టికల్ 37. అదొక్కటి మాత్రం అన్ని పార్టీలకూ కంఠతా వచ్చు.

పోలీసు స్టేషన్ సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. కేసు వేసింది శ్రేయా సింఘాల్, ఇరవయ్యొక్కేళ్ల అమ్మాయి. తీర్పు వచ్చేనాటికి లా విద్యార్థిని. ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు పాల్ఘర్‌లో ఇద్దరమ్మాయిల్ని అరెస్టు చేస్తే, ఇదేం చట్టమని అడిగింది. గెలిచింది. అయినా? చచ్చిపోయిన సెక్షన్ కింద దేశమంతా ఎఫ్ఐఆర్‌లు పడుతూనే ఉన్నాయి. 2021లో ఆ సంగతి తెలిసి కోర్టే నివ్వెరపోయింది. 2022 అక్టోబర్‌లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది: అది లేదు, దాని కింద కేసు పెట్టకండి. తీర్పు ఢిల్లీ నుంచి స్టేషన్‌కు రావడానికి ఏడేళ్లు చాలలేదు. ఎమ్మెల్యే గారి ఫోన్‌కు మాత్రం ఏడు నిమిషాలు చాలు.

నవంబర్ 26 వస్తుంది. 2015 నుంచి రాజ్యాంగ దినోత్సవం. కలెక్టరేట్‌లో, సచివాలయంలో, స్టేషన్‌లో వరుసగా నిలబడి పీఠిక చదువుతారు. "భారత ప్రజలమైన మేము" అంటారు, గొంతు సవరించుకుని. ఫొటో దిగుతారు. ఆ సాయంత్రం అంగన్‌వాడీ కార్యకర్తల ధర్నాకు అనుమతి నిరాకరిస్తారు. వాళ్లు ఏ దేశపు ప్రజలో!

ఇన్ని చూసి, విని, ఎలాగో బ్యాక్‌లాగ్‌లన్నీ కట్టకట్టి దాటి, మన అమ్మాయి డిగ్రీ పట్టుకుని బార్ కౌన్సిల్ కౌంటర్ దగ్గర నిలబడింది అనుకోండి. న్యాయవాదుల సొంత సంస్థ. ఇక్కడైనా చట్టం నడుస్తుంది కదా? 1961 న్యాయవాదుల చట్టం సెక్షన్ 24 ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మొత్తం 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 125. చట్టంలో అంకెలతో సహా రాసి ఉంది. వసూలు చేసిందెంత? ఒడిశాలో 42,100. కేరళలో 20,000 పైచిలుకు. రాష్ట్రానికో రేటు. సంక్షేమ నిధి అన్నారు, లైబ్రరీ ఫండ్ అన్నారు, సర్టిఫికెట్ ఖర్చన్నారు. కూలి పని చేసి చదివించిన తండ్రి కూతురికి నల్లకోటు కొనకముందే ఈ అప్పు చేశాడు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు తేల్చింది: ఇది ఆర్టికల్ 14కు విరుద్ధం, వృత్తి స్వేచ్ఛనిచ్చే 19(1)(జి)కి విరుద్ధం, చట్టం చెప్పినదానికి మించి పైసా తీసుకోవద్దు. శభాష్! మరి అప్పటిదాకా లాగిన డబ్బు? అది తిరిగి ఇవ్వక్కర్లేదు. తీర్పు ఇకముందుకే. రాజ్యాంగ విరుద్ధంగా తీసుకున్న సొమ్మును రాజ్యాంగబద్ధంగా ఉంచుకోవచ్చు.

ఇంకొక్క మెట్టు ఉంది. అఖిల భారత బార్ పరీక్ష. వంద ప్రశ్నలు, అందులో రాజ్యాంగానికి పది. పరీక్ష పెట్టేది ఎవరు? బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియానే. ఆ పదింటిలో ఒక్కటి ఇలా అడుగుతారా: "ఈ కింది సంస్థల్లో, యువ న్యాయవాదుల వృత్తి స్వేచ్ఛకు భంగం కలిగించినట్టు సుప్రీంకోర్టు తేల్చినది ఏది?" అడగరు. నాలుగు ఆప్షన్లలో ఒకటి తమ పేరే పెట్టుకోవాలి మరి!